అనంతయ్య గుజ్జు గోళీలు

తెలకపల్లి దాటి పొద్దుగూకే దిక్కు నడిస్తే ఎర్రదిన్నె అని ఒక ఊరు వస్తది. దేశంల సగం కాలువలు ఎర్రదిన్నె మొగోళ్లు, ఆడోళ్లు కలిసి తవ్వినయే అంటే అది గొప్పకు చెప్పే మాట కాదు. అట్ల తవ్వినోళ్లల్ల మొదట చెప్పుకోవాల్సిన మనిషి అనంతయ్య.

మూతి మీద మీసం మొలవకముందే తట్ట నెత్తికెత్తుకున్నడు. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు మట్టి మోసిండు. శ్రీశైలంల బండలు పగలగొట్టిండు. జూరాల కట్టకు ఎర్రమన్ను తొక్కిండు. గుజరాత్ దాకా పోయి నర్మద నీళ్లకు తోవ చేసి వచ్చిండు. రాత్రిబడిల అక్షరాలు దిద్దుకున్న మనిషి గుంపు మేస్త్రీ అయి, ఊరంత మందిని వెంటేసుకుని పోయి, ఒక్క ప్రాణం పోకుండ అందరినీ ఇంటికి తెచ్చిండు. శ్రీశైలంల పెద్ద ఇంజనీరు సారు అందరి ముందర తన మెడల కండువా తీసి అనంతయ్య తలకు చుట్టిండు. ఆ కండువా ఎంత మాసినా పెండ్లాం సత్తెమ్మను ఉతకనియ్యలే.

బడిపిల్లలు కనబడితే ఆపి మరీ చెప్పేటోడు. "మీరు పుస్తకంల బొమ్మ చూస్తరు సూడు డ్యాములు, వాటి మీద కూసోని నేను సద్ది తిన్న."

జూరాల పని ఒడిసిన ఏడు గద్వాల అంగడికి పోయి సత్తెమ్మకు జరీ అంచు చీర తెచ్చిండు. "ఇది కట్టుకోని తట్ట మోస్తనా?" అని ఆమె నవ్వింది గానీ, ఆ చీర మడత విప్పి ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషికీ చూపింది.

ఇంత చేసిన మనిషి వీటన్నిటికన్న ఎక్కువ చెప్పుకునేది ఒకటుండె. పెద్దపీరు ఎత్తుడు.

ఎర్రదిన్నెల ముస్లింల ఇండ్లు కొన్నే. కానీ పీర్ల పండుగ ఊరందరిది. పీర్ల సావిడికి పెద్ద అబ్దుల్ రహమాన్. ఆయనే ముజావర్, అంటే పీర్లను పెట్టెల నుంచి తీసి కడిగి నిలబెట్టేటోడు. ఎత్తేటోళ్లు మాత్రం అన్ని కులాలోళ్లు. పెద్దపీరు అనంతయ్య తాతది, తండ్రిది, ఇప్పుడు అనంతయ్యది. ఇత్తడి పంజా, నిలువెత్తు కర్ర, ఆ కర్రకు మొక్కులున్నోళ్లు కట్టే రంగురంగుల దట్టీలు. పిల్ల పుట్టిందని ఒకరు, బోరుల నీళ్లు పడ్డయని ఒకరు గుడ్డ చుడుతనే ఉంటరు. ఊరు ఎంత సల్లగుంటే పీరు అంత బరువెక్కుతది.

ఎత్తేటోనికి కట్టుబాట్లు గట్టియి. నెల పొడిచిన కాన్నుంచి పదో రోజు దాకా చేప, మాంసం అసువంటి నీసు ముట్టొద్దు, కల్లు ముట్టొద్దు, కాలికి చెప్పు తొడగొద్దు. పదో రోజు పీరు సావిడి గడప దాటినంక వాగు నీళ్ల దాకా చెయ్యి మారొద్దు, నేలకు ఆనొద్దు. నడుమల దించినోడు మళ్ల ఎత్తేది లేదు. ఆ హక్కు ఇంకో ఇంటికి పోతది. అందుకే అనంతయ్య ఏ రాష్ట్రంల ఉన్నా, ఏ లారీ దొరికితే ఆ లారీ మీద కూసోని పండుగకు ఊర్ల దిగేటోడు. ఒక్క ఏడు తప్పలే.

అసువంటి మనిషిని మోకాళ్లు మోసం చేసినయి.

రెండువేల ఐదో సంవత్సరం పీర్ల పండుగల వాగు నుంచి ఒడ్డెక్కుతుంటే కాలు మడతపడి కొద్దిల తప్పింది. తర్వాత కూసుంటే లేవలేకపోయె, లేస్తే కూసోలేకపోయె. నడుస్తుంటే మోకాళ్లల్ల కటకట. ఈ కటకట అందరికన్న ముందు విన్నోడు బామ్మర్ది చిన్నయ్య, సత్తెమ్మ తమ్ముడు. బావకు కొడుకులు లేరు, ఆయన తర్వాత పెద్దపీరు తనకే వస్తదని మీసం నల్లగున్నప్పటి నుంచి ఎదురుచూస్తున్నడు. ఇప్పుడు ఆ మీసమూ తెల్లగయింది.

"బావా, ఈ పాలి డప్పులోళ్లను పిలిచేది లేదు. నీ మోకాళ్లే వాయిస్తున్నయి" అన్నడు చిన్నయ్య, నలుగురిల.

"వాయిస్తే వాయించనియ్యి. నీ లెక్క ఏడుస్తలేవు గద" అన్నడు అనంతయ్య. అన్నడు గానీ ఇంటికి పోయి సత్తెమ్మ ముందర మోకాలు పట్టుకుని కూలబడ్డడు. "పీరు నా చేతుల దాటుతదేమో సత్తీ" అన్నడు. ఆ మనిషి నోట అసువంటి మాట ఆమె ఎన్నడూ విన్లేదు.

సత్తెమ్మ తెల్లారి బస్సెక్కించి నాగర్‌కర్నూల్ల బొక్కల డాక్టరు దగ్గరికి తోల్కపోయింది.

డాక్టరు ఫోటో తీపించి దీపం ముందర పెట్టి చూసిండు. "పెద్దయ్యా, బొక్కకు బొక్కకు నడుమ మెత్తగ గుజ్జు ఉంటది. నీది అరిగింది. ఈ గోళీలు పొద్దుకొకటి మాపుకొకటి మింగు. కొందరికి పనిచేస్తయి, కొందరికి చెయ్యవు, ఉన్నమాట చెప్తున్న. దానికన్న ముందు నీ తొడలకు బలం రావాలె."

"సారూ, డ్యాములు కట్టిన తొడలివి!"

"డ్యాములకు మరమ్మతు ఉండదా పెద్దయ్యా?"

ఆ మాటకు అనంతయ్య పడిపోయిండు. డాక్టరు చూపెట్టినట్టు, మడిమకు ఇసుక సంచి కట్టుకుని, మంచం అంచుల కూసోని కాలు ముందుకు చాపుడు, దించుడు. వాడకట్టు అంత వచ్చి చూసేటిది. "ఎడ్ల మెడకు గంటలు కడుతరు, అనంతయ్య కాళ్లకు ఇసుక కట్టుకుండు" అని నవ్వేటోళ్లు. ఆయన ఆపలే. గోళీలు అయిపోయినప్పుడల్ల వనపర్తి నుంచి బిడ్డ సుప్రియ పంపేది. ఆ పిల్ల అక్కడ మందుల షాపుల పనిచేస్తది.

వానకాలం పోయి చలికాలం వచ్చేసరికి అనంతయ్య చెయ్యి ఆనకుండ లేస్తుండు. కటకట పూర్తిగ పోలే గానీ, సన్నగయింది.

"చూసినవా గుజ్జు గోళీ మహిమ!" అన్నడు.

"గోళీ గాదు, ఇసుక సంచి" అన్నది సత్తెమ్మ.

"ఇసుక జన్మంత మోసిన. అది మహిమ చేసేదైతే మోకాలు ఎందుకు అరిగింది?"

ఊర్ల అందరూ అనంతయ్య మాటే నమ్మిండ్రు. ఎర్రదిన్నెల ఒకరి మందు ఒకరు వాడుకునుడు కొత్త గాదు. ఒకనికి తగ్గిందంటే పక్కోడు చెయ్యి చాపుతడు. పీర్ల సావిడి అరుగు మీద మోకాలు రుద్దుకుంట రహమాన్ కనబడితే అనంతయ్య తనే జేబుల నుంచి తీసి ఇచ్చిండు. "రహమాన్ భాయ్, ఇది మింగు. గుజ్జు ఊరుతది." గిట్ల డాక్టరు చెప్పకుండనే అనంతయ్య ఊరికి డాక్టరయిండు. చెరువు తవ్వినంత గర్వం ఆయనకు.

నెల పొడిచింది. సావిడి ముందర పీర్ల గుండం తవ్వాలె. మొదటి గుద్దలి దెబ్బ వేసే గౌరవం మట్టిపని మేస్త్రీది. అనంతయ్య కాళ్లు ఎడంగ పెట్టి, మోకాళ్లు వంచి, గుద్దలి లేపి ఒక్కటిచ్చిండు. మన్ను పెళ్లగ లేచింది. జనం కేక పెట్టిండ్రు. చిన్నయ్య కూడ చప్పట్లు కొట్టిండు గానీ, ఆ చప్పట్లల్ల పెద్దగ పస లేకపోయె.

ఆరో రోజు సుప్రియ పండుగకు వచ్చింది. సంచిల కొత్త డబ్బా తెచ్చింది. తండ్రి కొబ్బరి కుడుక, బెల్లం నములుకుంట, "నీసు ముడుతలేను బిడ్డా, అయినా జోరుగున్న" అని కాలు చాపి చూపిండు.

సుప్రియ నవ్వి, "నాయినా, రోజు రెండుపూటల సొరచేప తినుకుంట నీసు ముడుతలేనంటవేంది?" అన్నది. పరాచకానికే అన్నది.

"ఏం చేప?"

"సొరచేప. సముద్రంల ఉంటది. దానికి గట్టి బొక్కలు ఉండవు, అంత మెత్త బొక్కనే. దాన్ని ఎండబెట్టి, తీయాల్సింది తీసి ఈ గోళీల కలుపుతరు. షాపుల మా సారు చెప్పిండు."

అనంతయ్య చేతిల కుడుక కింద పడ్డది. "నెల పొడిచిన కాన్నుంచి... రోజు రెండు..." అన్నడు. ఆ పిల్లకు అప్పుడు తెలిసింది తనేం అన్నదో. "నాయినా, అది కూర గాదు, మందు" అని ఎంత చెప్పినా ఆయన చెవికి ఎక్కలే. డబ్బా పట్టుకుని, చెప్పుల్లేని కాళ్లతో సీదా సావిడికి నడిచిండు. దాసిపెట్టాలె అనే ఆలోచన ఆయనకు రాలే. పెద్దపీరు ముందర దాసేదేంది?

సావిడిల ఊదు పొగ నడుమ రహమాన్ పీర్లకు దట్టీలు సర్దుతుండు. చుట్టూ పీర్లు ఎత్తేటోళ్లు, పెద్దమనుషులు, వాకిట్ల ఆడోళ్లు. అనంతయ్య డబ్బా అరుగు మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పిండు.

"భాయ్, నా నిష్ఠ చెడ్డది. ఏం చెయ్యమంటే అది చేస్త."

చిన్నయ్య దిగ్గున లేచిండు. "నేనేమంటలేను. బావ అంటే నాకు పాణం. కానీ కట్టుబాటు కట్టుబాటే గద? నీసు తిన్నోడు పీరు ఎట్ల ఎత్తుతడు? పెద్దలు చెప్పుండ్రి."

పెద్దలు రహమాన్ దిక్కు చూసిండ్రు. అప్పుడు ఆడోళ్ల నడుమ నుంచి సత్తెమ్మ గొంతు లేచింది.

"ఓ తమ్మీ, జర నీ అంగి జేబుల ఏమున్నదో అది కూడ పెద్దలకు చూపు."

"నా జేబుల ఏముంటదే అక్కా?"

"నా ఇంటికొచ్చి, బావకు చెప్పకు అని పిడికెడు అడుక్కపోయినయి. వచ్చే ఏడు పీరు ఎత్తనీకె మోకాళ్లు తయారు చేసుకుంటున్న అంటివి గద?"

నవ్వులు మొదలైనయి. చిన్నయ్య జేబు మీద చెయ్యి పెట్టుకున్నడు. అదే చాలు.

"ఆగుండ్రి, ఆగుండ్రి" అన్నది వాకిట్ల నుంచి కుల్సుమ్‌బీ, రహమాన్ పెండ్లాం. "చిన్నయ్యను ఒక్కన్ని పట్టుకుంటరేంది? మా ఇంట్ల ముజావర్ సాబ్ పొద్దుగాల చాయ్‌ల ముంచుకోని మరీ మింగుతుండు."

రహమాన్ తెల్లగడ్డం నిమురుకుండు. "మింగిన" అన్నడు. "ఇంకెవరెవరు మింగిండ్రు? పీర్ల ముందర ఉన్నం. చేతులు లేపుండ్రి."

ఒక చెయ్యి లేచింది. ఇంకొకటి లేచింది. పీరు ఎత్తేటోళ్లందరు లేపిండ్రు. డప్పుల పెద్ద లేపిండు. మలీద వండే ముసలమ్మ లేపింది. కాలువలల్ల తట్టలు మోసిన మోకాళ్లు గద అన్నీ. అడగని ఇల్లు లేదు, ఇయ్యని ఇల్లూ లేదు. సుప్రియ నోరు తెరిచింది. "ఇంత మందికి పంచితే మరి నీకేం మిగిలింది నాయినా?"

అనంతయ్య తలగీక్కుండు. "నాకు... దొరికిన రోజు దొరికినయి."

"ఇసుక సంచి!" అని సత్తెమ్మ గెలిచినట్టు అరిచింది.

సావిడి సావిడంత పగలబడి నవ్వింది. రహమాన్ కండ్లల్ల నీళ్లు తుడుచుకుని, చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టిండు.

"ఇనుండ్రి. మందనుకోని మింగినం, తెల్వక మింగినం. ఇగ తెలిసింది. ఈ గడియ నుంచి పదో రోజు దాకా ఎవ్వరూ ముట్టొద్దు. తెల్వక చేసినదానికి మా అబ్బా కాలం నుంచి ఒకటే దండుగ. మింగినోళ్లందరు తలా ఒక బిందె బెల్లం షర్బత్ చేసి ఊరికి పొయ్యాలె. పీర్లు ఎవరియి వాళ్లే ఎత్తుతరు."

తెల్లారి ఎర్రదిన్నెల షర్బత్ ఏరులై పారింది. ఎవరింటి ముందర చూసినా బిందె, చెంబు, యాలకుల వాసన. తాగేటోళ్లకన్న పోసేటోళ్లు ఎక్కువయిండ్రు. బిందె తెచ్చిన ప్రతోన్నీ చూసి "ఓహో, నువ్వు కూడనా!" అని ఒకటే ఎగతాళి. చిన్నయ్య రెండు బిందెలు తెచ్చిండు. "ఒకటి మింగినందుకు, ఒకటి మాట్లాడినందుకు" అన్నది సత్తెమ్మ, తమ్ముని చెంబుతోనే తాగుకుంట.

అనంతయ్య నవ్విండు, తాగిండు, కానీ చెయ్యి మోకాలి మీదికే పోతుండె. గోళీ లేకుండ మోకాలు పదో రోజు దాకా ఆగుతదా? "ఆపితే ఏంగాదు నాయినా, వెంటనే దిగేది గాదు అది" అని సుప్రియ చెప్పింది. ఆయన తల ఊపి, ఎందుకన్న మంచిదని ఇసుక సంచి కట్టుకున్నడు.

పదో రోజు మాపటిజాముకు పీర్లు లేచినయి. అనంతయ్య నడుముకు ఇంజనీరు సారు కండువా బిగించి, కర్ర మొదలు దాంట్ల ఆనించి, పెద్దపీరును గడప దాటించిండు. ఆ ఏడు బోర్లల్ల నీళ్లు మంచిగ పడ్డయి, పిల్లలూ మంచిగ పుట్టిండ్రు. ఎన్నడూ లేనన్ని దట్టీలు. అయినా పీరు ఆయన చేతిల గాలిపటం లెక్క ఊగింది. డప్పులు దరువు మారిస్తే అడుగు మార్చిండు. గుండం చుట్టు తిరిగిండు. ప్రతి వాకిట్ల ఆగి నీళ్లు పోయించుకున్నడు. ఊరు దాటేసరికి జనం ఆయనను చూస్తలేరు, మోకాళ్లను చూస్తున్నరు. మోకాళ్లు కూడ ఆ సంగతి తెలిసినట్టే నడిచినయి.

వాగు దరికి వచ్చి ఆగిండు.

ఆ ఏడు వానలకు వాగు పొంగి పాత బాటను కోసుకపోయింది. నిలువుగ దరి మిగిలింది. మేకలు దుంకి దిగే దరి, మిగతా పీర్లోళ్లు పీరు పట్టుకునే జారి దిగే దరి. ఎవరికీ అది అడ్డం అనిపించలే. అనంతయ్య కుడికాలు కిందికి పెట్టబోయిండు. మోకాలు బిగుసుకపోయింది. వంగదు. ఇంకోపాలి చూసిండు. వంగదు. పీరు ఒక్కపాలి ఊగింది. డప్పులు తడబడ్డయి.

"నాయినా!" అని సుప్రియ ముందుకు ఉరికింది. రహమాన్ చెయ్యి అడ్డం పెట్టి ఆపిండు. ముట్టుకుంటే చెయ్యి మారినట్టే. జనమంత చిన్నయ్య దిక్కు చూసిండ్రు. ఇంకో గడియ ఆగితే చాలు. ఆ పీరు ఆయన ఇంటికి నడుచుకుంట వస్తది.

చిన్నయ్య బావను చూసిండు. దరిని చూసిండు. మట్టిపనోళ్ల ఊరు గద, పీర్లతోటి పారలు, గడ్డపారలు కూడ వాగుకు తెచ్చి కడుక్కునుడు ఎర్రదిన్నె పద్ధతి; పండుగ తెల్లారి అవి పట్టుకునే పనులకు పోయేది. చిన్నయ్య పక్కోని భుజం మీది పార గుంజుకున్నడు.

"ఏం చూస్తరు రా గుడ్లప్పగించి? కాలువల తట్టలోళ్లు ఎట్ల దిగుతరు? మెట్లు కొట్టుండ్రి!"

"చిన్నిగా..." అన్నడు అనంతయ్య.

"నువ్వు మాట్లాడకు. కర్ర నిలబెట్టు. గీడ దించితే రేపు నాకొచ్చేది దించిన పీరు. అసువంటిది నా ఇంటికి వద్దు."

ఇంకేముంది. శ్రీశైలం చూసిన చేతులు, జూరాల చూసిన చేతులు అన్నీ దరి మీద పడ్డయి. ఒకడు గడ్డపారతో గీత పెట్టిండు, ఒకడు పారతో చెక్కిండు, ఆడోళ్లు చీర కుచ్చిళ్లు దోపుకోని కాళ్లతో మన్ను తొక్కి గట్టి చేసిండ్రు. జరీ అంచు చీర కట్టుకొచ్చిన సత్తెమ్మ ముందుగ తొక్కింది. ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. జన్మంత చేసిన పని. డప్పులోళ్లు పార దెబ్బకు దరువు కలిపిండ్రు. పైన అనంతయ్య పీరును నిటారుగ పట్టుకుని, ఉన్నచోటనే నడుము ఊపుకుంట, చెమటల తడుసుకుంట, మేస్త్రీ గొంతుతో ఒకటే కేకలు. "అడుగు వెడల్పు చాలదు! ఆ చివర ఏటవాలు తియ్యి! గట్లనా చెక్కేది, ఎవడు నేర్పిండు రా నీకు?"

"నువ్వే నేర్పినవు!" అన్నరు కింద నుంచి అందరూ.

మెట్లు తయారైనయి. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ, మోకాలు వంగకుండనే దిగేటట్టు. అనంతయ్య ఎడమ కాలు పెట్టిండు, కుడి కాలు దాని పక్కకు తెచ్చిండు. మళ్ల ఎడమ కాలు. పెండ్లికొడుకు నడిచినట్టు, ఒక్కో మెట్టు మీద ఆగి, పెద్దపీరును తిప్పి చూపిచ్చుకుంట దిగిండు. ఆయన అరికాలు వాగు నీళ్లల్ల పడంగనే లేచిన కేక తెలకపల్లి దాకా వినబడ్డదని అక్కడి చాయ్ హోటలోళ్లు ఇప్పటికీ అంటరు.

రహమాన్ పంజా కడిగిండు, దట్టీలు విప్పి పెట్టెల సర్దిండు. బరువు దిగిన అనంతయ్య నడుమంటి నీళ్లల్ల కూసోని కాళ్లు చాపిండు. సల్లటి నీళ్లు తగిలి మోకాలు మెల్లగ సడలింది. చిన్నయ్య పార కడుక్కుంట వచ్చి పక్కన కూసున్నడు. వేళ్ల సందుల ఇంకా మన్ను ఉంది.

అనంతయ్య ఆ మన్ను చూసిండు.

"చిన్నిగా, వచ్చే ఏడు గడప నేను దాటిస్త. రహమాన్ భాయ్‌ని అడుగుత, ఒప్పుకుంటే గుండం కాన్నుంచి నువ్వు ఎత్తు. ఇద్దరం కలిసి తెద్దం."

చిన్నయ్య నీళ్లు దోసిట్ల పట్టి ముఖం మీద కొట్టుకున్నడు. మీసం తుడుచుకున్నడు. లేచి నిలబడి బావకు చెయ్యి అందించిండు.

"వచ్చే ఏడు సంగతి తర్వాత. ముందు ఒడ్డెక్కు బావా."